ప్రభువా, మమ్మును ఎవరి యొద్దకు పంపుచున్నావు?



సేవకుని ఇంటి సంగతులు పత్రికలో రాయడం మాకు అలవాటు లేదు. అయితే కిందటి వేసవిలో మేము పడిన ఒక తర్జనభర్జన మీలో అనేకులకు ఉపయోగపడుతుందని తోచి, ఈ నెల దానిని మీతో చెప్పుకోదలచాము.

కనిగిరి చుట్టుపట్ల పల్లెలలో బ్రతుకు ఎట్లా ఉంటుందో మీకు మేము చెప్పనక్కర లేదు. వాన పడితే కంది, సజ్జ. పడకపోతే మూటా ముల్లె సర్దుకోవడమే. ఆ ఏడు వాన మొహం చాటేసింది. సంక్రాంతి దాటేసరికి మా సంఘంలోని పడుచు జంటలన్నీ బెంగళూరుకూ హైదరాబాదుకూ కూలి పనులకు వెళ్లిపోయాయి. ఆదివారం గుడిలో కూర్చునేది ముసలివారు, వారి దగ్గర వదిలిపెట్టిన మనవలు. ఫ్లోరైడు నీళ్లకు కీళ్లు బిగిసిపోయిన పెద్దవారు కొందరు గుడి మెట్లు కూడా ఎక్కలేక వాకిట్లోనే కూర్చుని వాక్యం వినేవారు. పాట ఎత్తుకోవడానికి గట్టి గొంతు లేదు. కానుకల సంచి తేలికయింది. దాని సంగతి అటుంచి, సంవత్సరాల తరబడి కట్టిన గోడ ఇటుక ఇటుకగా ఊడిపోతున్నట్టు మాకు కనిపించింది.

సరిగ్గా ఆ దినాలలోనే పట్టణంలోని ఒక పెద్ద సంఘం నుండి మాకు ఉత్తరం వచ్చింది. కాపరి కావలెనని, ఉండుటకు ఇల్లు ఉన్నదని, పిల్లల చదువుకు సదుపాయం ఉన్నదని రాశారు. మా అమ్మాయి ఆ ఏడే పదవ తరగతి ముగించింది. మీరైతే ఏమి చేసి ఉండేవారు? మేము మాత్రం ఉత్తరాన్ని బైబిలులో పెట్టుకుని, ప్రభువు నడిపింపు కోసం ఏకాంతంగా కనిపెట్టాలని నిర్ణయించుకున్నాము.

కొండ క్రింద మూడు ఉదయములు

కనిగిరి కొండ మీకు తెలుసు. మూడు దినాలు చీకటితోనే లేచి, బైబిలు, ఒక సీసా నీళ్లు పట్టుకుని ఆ కొండ క్రిందికి వెళ్లి కూర్చున్నాము. మొదటి దినం ప్రార్థన ధారాళంగా వచ్చింది. ఆ పెద్ద సంఘంలో ఎంతమందికి వాక్యం చెప్పవచ్చునో, ఎన్ని కూటములు పెట్టవచ్చునో అన్నీ ప్రభువుకు వివరించాము. రెండవ దినం మాటలు తగ్గాయి. మూడవ దినం నోట మాట రాలేదు. ఎండ ఎక్కేవరకు ఊరకే కూర్చున్నాము. అప్పుడు మా మనస్సులోనిది మాకే బయటపడింది. మేము ప్రభువును నడిపింపు అడగడం లేదు, సెలవు అడుగుతున్నాము! పోవాలని ఇంటి దగ్గరే నిశ్చయించుకుని, దానిమీద ఆయన సంతకం కోసం కొండ దగ్గరకు వెళ్లాము.

ఏకాంతం చేసే మొదటి మేలు ఇదే. మన మాటలు అయిపోయేదాకా అది మనలను కూర్చోబెడుతుంది. ఏలీయా సంగతి చూడండి (1 రాజులు 19). యెజెబెలుకు భయపడి హోరేబు దాకా నడిచి గుహలో దాగాడు. అక్కడ దేవుడు అతనికి దారి చూపకముందు ఒక ప్రశ్న వేశాడు. ఇక్కడ నీకేమి పని అని రెండు మారులు అడిగాడు. ఆ తరువాత అతనిని గుహలో ఉంచలేదు, వచ్చిన దారినే వెనుకకు పంపాడు. చేయవలసిన పనులు చెప్పి, అభిషేకించవలసిన మనుష్యుల పేర్లు చెప్పి పంపాడు. ఏకాంతంలో దేవుడిచ్చిన జవాబులో మనుష్యుల పేర్లు ఉన్నాయన్నది మనం గుర్తుంచుకోవాలి.

మన ప్రభువు కూడా అట్లాగే చేశాడు. మార్కు సువార్త మొదటి అధ్యాయము 35వ వచనం నుండి చదవండి. ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడు. సీమోనూ అతనితో ఉన్నవారూ వెదకి వచ్చి, అందరూ నీకోసం చూస్తున్నారన్నారు. కపెర్నహూములో మంచి పేరు వచ్చింది, గుమ్మము దగ్గర జనం కూడుకున్నారు. అయినా ఆయన అక్కడ ఆగక, సమీప గ్రామాలకు పోదామన్నాడు. ప్రార్థనలో నుండి లేచిన పాదములు పల్లెల వైపు నడిచాయి.

ఒంగోలులో భార్యాభర్తల ప్రార్థన

ఇది బైబిలు కాలానికే చెల్లిందని ఎవరైనా అంటారేమో. మన ప్రాంతపు సంఘ చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. మన తాతముత్తాతలు విశ్వాసులైన దారి అదే.

1836లో ఆరంభమైన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనుకు చాలా ఏండ్లు ఫలితం కనిపించలేదు. దానిని మూసివేద్దామా అని 1853లో అమెరికాలో పెద్ద చర్చే జరిగింది. అటువంటి దినాలలో, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఈ ఊరికి ఒక సేవకుని పంపమని అడిగారు. అడిగినది అయిదుగురు. జవాబు రావడానికి పన్నెండు సంవత్సరాలు పట్టింది. 1866 సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు, ఆయన భార్య హారియెట్ దొరసానిగారు ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు అందులో సభ్యులు ఎనిమిది మంది.

ఆ ఆరంభపు దినాలలోనే క్లౌ దొరగారికి ఒక చిక్కు వచ్చింది. ఊరిలోని పెద్ద కులాలవారు కొందరు ఆయన మాటలు ఆసక్తితో వింటున్నారు. అంతలో మాదిగ సహోదరులు వచ్చి మమ్మును చేర్చుకోమన్నారు. వీరిని చేర్చుకుంటే మేము రాలేమని ఆ పెద్దలు స్పష్టంగా చెప్పారు. లోకరీతిని చూస్తే లెక్క తేలికే. పేరూ చదువూ ఉన్నవారు ముందు వస్తే మిగిలినవారు వెనుక రారా? సంఘానికి పరువు, మిషనుకు బలము కలుగుతాయి కదా?

ఆయన తన గదిలోనికి వెళ్లి ప్రభువును అడిగారు. చేతికి అందిన కొత్త నిబంధన తెరిస్తే 1 కొరింథీయులకు మొదటి అధ్యాయము 26 నుండి 29 వచనాలు కంటపడ్డాయి. పిలువబడినవారిలో జ్ఞానులు, ఘనులు అనేకులు లేరని, లోకము తృణీకరించిన వారిని దేవుడు ఏర్పరచుకున్నాడని అపొస్తలుడు చెప్పిన భాగం అది. ఆశ్చర్యమేమంటే, వేరొక గదిలో ఉన్న హారియెట్ దొరసానిగారు కూడా, ఆయన ఏమి చదువుతున్నారో తెలియకనే, ఆ వచనాలనే చదివి అదే ఆలోచనలో ఉన్నారు. ఇద్దరూ మాట్లాడుకున్నప్పుడు ఈ సంగతి బయటపడింది. పేదలతోనే ఆరంభించాలని ఇద్దరికీ అర్థమైంది.

ఇక్కడ ఒక మాట హెచ్చరికగా చెప్పాలి. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పెట్టిన వచనమే దేవుని జవాబు అనుకునే అలవాటు మనలో ఉంది. కొత్త సంవత్సరం రాత్రి వాగ్దానపు కార్డు తీసుకుని, ఇష్టమైనది రాకపోతే ఇంకొకటి తీసేవారినీ చూశాము. క్లౌ దంపతుల అనుభవము అటువంటి చీట్లాట కాదు. వారి ముందు నిజమైన ప్రశ్న ఉంది, వాకిట నిజమైన మనుష్యులు నిలిచి ఉన్నారు. వచ్చిన వాక్యము వారికి లాభం చేకూర్చేది కాదు, నష్టం తెచ్చేది. ఇద్దరికి వేర్వేరుగా అదే మాట వచ్చింది. వాక్యం ప్రకారం నడిచినందుకు పెద్దలు వెనుకకు తగ్గారు, ఆ నష్టాన్ని వారు భరించారు. నడిపింపును పరీక్షించడానికి ఇవి మంచి గురుతులు.

తాళ్ళకొండపాడు దారి

మరి ఆ పేదలు ఎవరు? వారిలో ముందుగా చెప్పవలసినవాడు మన పడమటి దిక్కువాడే. ఒంగోలుకు పడమర సుమారు నలభై మైళ్ల దూరాన ఉన్న తాళ్ళకొండపాడు వాసి, ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు. ఇతడు కూడా ఏకాంతాన్ని ఎరిగినవాడే. దేవుని తెలుసుకోవాలనే ఆశతో రాజయోగం అభ్యసించాడు, గురువులను ఆశ్రయించాడు, సాధన చేశాడు. చెప్పులు కుట్టే చేతులు, దేవుని వెదికే మనస్సు. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు ఏలూరులో సి.ఎం.ఎస్. మిషనరీ అలెగ్జాండర్ దొరగారి వలన యేసు ప్రభువును గూర్చి విన్నాడు. ఒంగోలుకు ఒక మిషనరీ వస్తాడన్న మాట పట్టుకుని కనిపెట్టాడు. 1866లో అతడును అతని భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందారు.

పేరయ్య తనకు దొరికినదానిని దాచుకుని కూర్చోలేదు. భార్యాభర్తలిద్దరూ తమ ఊళ్లో, చుట్టుపట్ల పల్లెలలో, తమ బంధుజనమంతటిలో సాక్ష్యం చెప్పుకుంటూ తిరిగారు. 1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్ళకొండపాడు చేరి గుడారం వేసుకునేసరికి, చుట్టు ఊళ్ల నుండి స్త్రీ పురుషులు కొన్ని దినాలకు సరిపడే తిండి మూట కట్టుకుని వచ్చి కూర్చున్నారు. వారికి వేరే పని లేదు, యేసును గూర్చి తెలుసుకోవాలి. కొన్ని దినాల బోధ తరువాత ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మము పొందారు.

ఈ రెండు సంగతులూ ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. ఒంగోలు గదిలో క్లౌ దొరగారు ఎవరి యొద్దకు వెళ్లాలని అడిగారు. నలభై మైళ్ల అవతల ఒక తోళ్ల వ్యాపారి అప్పటికే పల్లె పల్లెకు తిరుగుతున్నాడు. గదిలో దొరికిన వాక్యానికి అర్థం తాళ్ళకొండపాడులో దొరికింది. దొరగారు ఆ గదిలోనే ఉండిపోతే ఆ వాక్యము ఒక మంచి తలంపుగానే మిగిలిపోయేది.

అక్కడ చేరినవారికీ నష్టం లేకపోలేదు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు అనే మూడు కట్టడలు వారికి ఇచ్చారు. వినడానికి చిన్నవే. కాని పల్లెలో ఆదివారం పనికి రాను అన్నా, జాతరలో డప్పు కొట్టను అన్నా, ఆ మాట కూలివాడు తన అన్నం పెట్టే ఆసామితో అనాలి. మన పూర్వికులు ఆ మాట అన్నారు, దాని శ్రమ అనుభవించారు.

ఆగుము అనే జవాబు

దేవుని నడిపింపు ప్రతిసారీ వెళ్లుము అనే ఉండదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం పని ఒప్పందానికి తీసుకున్నారు. ఆకలితో ఉన్న వేలమందికి ఆ పనిలో కూలి దొరికింది. బోధకులు పగలు మేస్త్రీలై పని చేయించేవారు, పని ఆగిన వేళ జనంతో కూర్చుని వాక్యం చెప్పేవారు. జనం బాప్తిస్మము ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట వారి మీదగాని ప్రభువు నామం మీదగాని పడకూడదని, సుమారు పదిహేను నెలలు ఒక్కరికి కూడా బాప్తిస్మము ఇవ్వలేదు. ఒక సేవకునికి ఇంతకంటె కష్టమైన ఉపవాసం ఏముంటుంది? లెక్క చూపించి అమెరికాకు ఉత్తరాలు రాయగల సమయంలో ఆయన చేతులు కట్టుకుని కనిపెట్టారు.

కరువు సహాయం ముగిసింది. ఇక పంచడానికి ఏమీ లేదు. అయినా జనం తగ్గలేదు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంవత్సరాంతానికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. తరువాత ఒంగోలు ఒక్కచోటి నుండి చూడలేనంతగా సంఘం పెరిగి, కంభం 1882లో, కనిగిరి 1892లో ప్రత్యేక మిషను కేంద్రాలయ్యాయి. ఈనాడు మనం గుడికి వెళ్తున్న ఎన్నో పల్లెలకు మూలం ఇక్కడ ఉంది. కొండమీద ఐదుగురు, గదిలో ఇద్దరు, పల్లెదారిలో పేరయ్య నాగమ్మలు.

మరల మా సంగతి

మూడవ దినం మేము కొండ దగ్గర నుండి వట్టి చేతులతోనే తిరిగి వచ్చాము. స్వరము వినలేదు, దర్శనం చూడలేదు. ఇంటి అరుగు మీద మా సంఘపు ముసలమ్మ ఒకామె కూర్చుని ఉంది. చేతిలో సెల్ ఫోను. దానిలో నంబరు ఎట్లా నొక్కాలో ఆమెకు తెలియదు.

"అయ్యగారూ, బెంగుళూర్లో మావాడికి ఒకసారి కలపండయ్యా. పది దినాలాయె మాటాడి" అంది.

కలిపాము. కొడుకుతో మాట్లాడింది. మనవరాలి జ్వరం సంగతి చెప్పింది, డబ్బుల ఊసు ఎత్తలేదు. ఫోను మాకిస్తూ, "అయ్యా, మీరు గూడా పోతన్నారంట గదా? పోండయ్యా, మీకూ బిడ్డలుండారు. మరి మా వోళ్ల మాదిరి మీరు గూడా అప్పుడప్పుడు ఫోన్ జేత్తారా?" అని అడిగింది.

ఆమె నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగింది. అందుకే మాకు జవాబు రాలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో అమ్మగారిని అడిగాము. మేము ముందుగా ఏమీ చెప్పలేదు. ఆమె కాసేపు ఊరకుండి, "నేను కూడా ఈ మూడు దినాలు వంటింట్లో ప్రార్థించాను. పట్టణానికి పోదామనే అడిగాను. కాని కళ్లు మూసుకుంటే గుడి వాకిట్లో కూర్చునేవారే కనబడుతున్నారు" అని ఏడ్చింది. అమ్మాయి చదువు గురించి ఇద్దరమూ చాలాసేపు మాట్లాడుకున్నాము. ఆ బాధ ఆ రాత్రితో తీరిపోయిందని చెబితే అది అబద్ధం. ఇప్పటికీ ఆమె ఫీజు కట్టే నెల వచ్చినప్పుడు ఆ ఉత్తరం గుర్తుకు వస్తుంది.

మరునాడు రాలేమని ఆ సంఘానికి వినయంగా జవాబు రాశాము. ఆ తరువాత ఇంకొక సంగతి తట్టింది. మా సంఘం చెదరిపోయిందని ఏడుస్తున్నాము గాని, చెదరిన చోటికి మేము ఎన్నడైనా వెళ్లామా? పేరయ్య తోళ్ల బేరం కోసం వెళ్లిన దూరదేశంలోనే సువార్త విన్నాడు కదా! కూలికి వెళ్లిన మా పిల్లలు కూడా దేవుని చూపులో నుండి తప్పిపోలేదు కదా!

అప్పటికి ఆరు నెలలు గడిచాక రైలెక్కి బెంగళూరు వెళ్లాము. కట్టుబడి జరుగుతున్న ఒక పెద్ద భవనం ప్రక్కన రేకుల షెడ్లలో మా వాళ్లు పదమూడు కుటుంబాలు ఉన్నారు. రాత్రి పని దిగి, కాళ్లూ చేతులూ కడుక్కుని, సిమెంటు బస్తాల సంచులు పరచుకుని కూర్చున్నారు. గుడిలో వినిపించని ఆ గట్టి గొంతులు అక్కడ పాట ఎత్తుకున్నాయి. వారితో పాటు కర్నూలు వైపు వారు, పాలమూరు వైపు వారు కూడా వచ్చి కూర్చున్నారు. ముసలమ్మ కొడుకు మా చేతికి ఒక చిన్న పొట్లం ఇచ్చి అమ్మకు ఇమ్మన్నాడు. ఇప్పుడు సంవత్సరానికి రెండు మారులు వెళ్తున్నాము. మేము పట్టణానికి వెళ్లకూడదని ప్రభువు చెప్పలేదన్నమాట. ఏ వాకిటికి వెళ్లాలో ఆయన చూపించాడు.

మీ ఇంటికి ఈ మాట

ఇది కాపరులకు మాత్రమే సంబంధించిన పాఠం కాదు. కూతురికి సంబంధం కుదుర్చుకోవాలా, పొలం కౌలుకు ఇచ్చి ఊరు విడవాలా, కొడుకును ఏ చదువుకు పంపాలా అని మీ ఇండ్లలోనూ ప్రశ్నలు ఉంటాయి. ఏకాంతంగా ప్రభువుతో గడపండి. కొండ దొరకకపోతే చేను గట్టు చాలు, వంటిల్లు చాలు. మీ మాటలు అయిపోయేదాకా కూర్చోండి. నడిపింపు అడుగుతున్నారా, సెలవు అడుగుతున్నారా అని మిమ్మును మీరే పరీక్షించుకోండి. భార్య వేరుగా, భర్త వేరుగా ప్రార్థించి, తరువాత కలిసి మాట్లాడుకోండి. ఆగుము అన్న జవాబు వస్తే దానినీ జవాబుగానే తీసుకోండి. ప్రార్థన ముగించి లేచినప్పుడు మీ వాకిట ఎవరు కూర్చుని ఉన్నారో చూడండి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలలో మార్కు 1:35-39 చదువుకొనండి. వలస వెళ్లిన మీ సంఘస్థుల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, దినమునకు ఒక కుటుంబం కొరకు ప్రార్థించండి. వీలైతే ఆ రాత్రే వారికి ఫోను చేసి, మీకోసం ఈ పొద్దు ప్రార్థించామని చెప్పండి.

ప్రభువు మీ రాకపోకలయందు మీకు తోడైయుండును గాక. ఆమెన్.